ఆకుకెంత, మానుకెంత, వేరుకెంత: చెట్టు తన ఒంటిని పంచుకునే తీరు

శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర నిలబడి పడమటికి చూస్తే మహేంద్రగిరి కొండల వరస కనిపిస్తుంది. తూర్పుకు తిరిగితే ఉద్దానం తోటలు, వాటి అవతల సముద్రం. కొండ వాలు నుంచి ఇసుక ఒడ్డు దాకా ఒక పూటలో వెళ్ళి రావచ్చు. ఆ కొద్ది దూరంలోనే నల్లమద్ది, తునికి, చిరిమాను కలిసి పెరిగే ఆకురాల్చే అడవి, దాని దిగువన గరువు భూముల్లో జీడిమామిడి, పనస, చివరికి ఇసుక మీద సరుగుడు, మొగలి వరసగా వస్తాయి. ఈ మూడు చోట్లా మాను లావు సమానంగా ఉన్న ఒక్కొక్క చెట్టును ఎంచుకుని, వేర్లతో సహా పెకలించి, ఆకు, కొమ్మ, మాను, వేరు విడదీసి, తడి పూర్తిగా పోయేదాకా ఆరబెట్టి తూచామనుకోండి. మొత్తం బరువులు తేడాగా ఉండటం సరే, ఆ బరువులో ఆకుకు ఎంత, మానుకు ఎంత, వేరుకు ఎంత అన్న వాటాలు కూడా మూడింటికీ మూడు రకాలుగా వస్తాయి.

కారణం ఏమిటని అడిగితే ఎక్కువమంది నేలనే చూపిస్తారు. ఇసుక నేల గనుక వేరు ఎక్కువ పెట్టింది, కొండ మీద తేమ ఉంది గనుక మాను ఎక్కువ పెట్టింది అంటారు. ఆ మాటలో నిజం కొంతే ఉంది. చెట్టు ఎంత పెద్దది, అది ఏ జాతి, అది ఎక్కడ నిలబడింది అన్న మూడు సంగతులు ఈ వాటాల్లో ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. వాటిని విడదీయకుండా తేడానంతా చోటుకే అంటగడితే, అడవిలో ఎంత కర్బనం ఉందన్న లెక్క మొదలుకుని తుఫాను తరవాత తోటలో ఏ మొక్క నాటాలన్న నిర్ణయం దాకా అన్నీ దారి తప్పుతాయి. నా ఉద్దేశంలో ముందుగా అడగవలసిన ప్రశ్న పరిమాణం గురించి, తరవాత జాతి, ఆ రెండూ తేలాకే నేల, నీరు, వెలుతురు.

మన పాఠ్యపుస్తకాలు జీవద్రవ్యరాశి అనే ఈ బయోమాస్, చెట్టు ఒంట్లోని నీరంతా పోగా మిగిలే బరువు. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీరే ఉండవచ్చు. అది కాలాన్ని బట్టి మారుతుంది గనుక ఆరిన బరువునే పరిగణిస్తారు. ఈ ఆరిన బరువులో సగానికి కాస్త తక్కువ కర్బనం. అంతర్జాతీయ లెక్కల్లో సాధారణంగా 0.47 అనే గుణకం వాడతారు. ఆ కర్బనమంతా ఆకులు గాలి నుంచి పట్టుకున్నదే. ఆకు చక్కెర తయారు చేస్తుంది. అందులో కొంత శ్వాసక్రియలో ఖర్చవుతుంది. మిగిలినది కొత్త ఆకుగా మారుతుందా, మానులో కొత్త పొరగా చేరుతుందా, వేరు కొసగా నేలలోకి దిగుతుందా అన్నదే ఈ పంపకం. ఇందులో వెనక్కి తీసుకునే వీలు చాలా తక్కువ. పిండిపదార్థంగా దాచుకున్నదాన్ని మళ్ళీ కరిగించి వాడుకోవచ్చు గానీ, చెక్కగా గట్టిపడిన చక్కెర మరి వేరుకు చేరదు.

ఇక్కడే చాలా వ్యాసాల్లో కనిపించే ఒక గందరగోళాన్ని తేల్చుకోవాలి. వాటా అన్న మాటను రెండు అర్థాల్లో వాడుతున్నారు. ఈ రోజు చెట్టును తూస్తే ఏ భాగం ఎంత బరువుంది అన్నది ఒకటి. ఈ ఏడాది చెట్టు సంపాదించినదాంట్లో ఏ భాగానికి ఎంత పోయింది అన్నది ఇంకొకటి. ఒక ఇంటి ఆస్తిని చూసి ఆ ఇంటి ఏడాది ఖర్చు చెప్పలేనట్టే, మొదటిదాన్ని చూసి రెండోదాన్ని చెప్పలేం. పెద్ద చెట్టును తూస్తే ఆకుల వాటా నూటికి రెండు మూడు పాళ్ళకు మించదు. అంత మాత్రాన చెట్టు ఆకులను చిన్నచూపు చూస్తోందని కాదు. ఆకులు ఏటా రాలి ఏటా వస్తాయి. మాను మాత్రం పెట్టింది పెట్టినట్టే నిలిచి, పొర మీద పొర చేరుతుంది. పీచు లాంటి సన్నని వేర్లదీ ఆకుల తీరే. అవి పుడుతూ చస్తూ ఉంటాయి గనుక ఏ రోజు తవ్వి చూసినా తక్కువగానే కనిపిస్తాయి. కానీ భూమి మీది మొక్కలన్నీ ఏటా కొత్తగా తయారు చేసే ద్రవ్యంలో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా ఆ సన్నని వేర్లకే పోతుందని అంచనాలు చెబుతున్నాయి. తూకంలో కనిపించేది నిల్వ, ఏటా నడిచేది ప్రవాహం. అడవుల గురించి ఏ అంకె చదివినా ఈ రెండింటిలో ఏదో ముందు తెలుసుకోవాలి.

ఇప్పుడు పరిమాణం సంగతి. మొలకగా ఉన్నప్పుడు మొక్క బరువులో సగం దాకా ఆకులే ఉండవచ్చు. పెరిగేకొద్దీ ఆ వాటా పడిపోతూ వస్తుంది, మాను వాటా పెరుగుతూ పోతుంది. దీనికి జపాన్ శాస్త్రవేత్త షినొజాకి, ఆయన సహచరులు 1964లో ఒక చక్కని వివరణ ఇచ్చారు. ప్రతి ఆకుకూ నీరు అందించే గొట్టాల కట్ట ఒకటి వేరు దాకా ఉండాలి. కొంత విస్తీర్ణం ఆకు నిలవాలంటే దానికి సరిపడా గొట్టాల మందం మానులో ఉండి తీరాలి. చెట్టు ఎత్తు పెరిగితే అదే ఆకుకు గొట్టం పొడవు పెరుగుతుంది. కింది కొమ్మల ఆకులు నీడలో పడి రాలిపోయినా, వాటికి నీరు మోసిన గొట్టాలు మానులోనే మిగిలిపోతాయి. మన వడ్రంగులు చేవ అనే నల్లని గట్టి భాగం చాలా మటుకు అలా పని మాని మిగిలిపోయిన గొట్టాలే. చెట్టు చేవదేరడమంటే మాను వాటా పెరగడమే. ఇందులో నేల ప్రమేయం ఏమీ లేదు. ఎండలోనైనా నీడలోనైనా, కొండ మీదైనా తీరంలోనైనా ఎదిగే చెట్టు ఈ దారిలోనే నడుస్తుంది.

ఈ నడకకు ఒక గణిత సూత్రం ఉందని అమెరికా శాస్త్రవేత్తలు ఎన్‌క్విస్ట్, నిక్లాస్ 2002లో వాదించారు. మాను బరువు పెరిగిన రెట్లను నాలుగింట మూడు, అంటే 0.75 ఘాతానికి ఎత్తితే ఆకుల బరువు పెరిగే రెట్లు వస్తాయన్నారు. మాను 16 రెట్లయితే ఆకులు 8 రెట్లే అవుతాయి. మాను, వేరు మాత్రం ఇంచుమించు సమానంగా సాగుతాయి. ఆ 0.75 అన్ని పరిమాణాలకూ ఒకటే కాదనీ, చిన్న మొక్కల్లో ఎక్కువగానూ పెద్ద చెట్లలో తక్కువగానూ ఉంటుందనీ తరవాతి కొలతలు చూపించాయి. అంకె మారినా అసలు సంగతి మారలేదు: పెద్ద చెట్టునూ చిన్న చెట్టునూ పక్కపక్కన పెట్టి వాటాలు పోల్చకూడదు.

ఈ మాట ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణతో చెబుతాను. రెండు జీడి మొక్కలు ఒకే రోజు నాటి, ఒకదానికి ఎరువు వేసి, రెండోదానికి మానేశామనుకోండి. ఏడాది తరవాత తవ్వి చూస్తే ఎరువు లేని మొక్కలో వేరు వాటా ఎక్కువగా ఉంటుంది. పోషకాలు లేక వేరు పెంచుకుందని వెంటనే అనేస్తాం. కానీ ఎరువు వేసిన మొక్క ఏడాదిలో రెండింతలు పెరిగింది. పెద్దదైన కొద్దీ దాని వాటాలు వాటంతటవే జరిగాయి. మనం చూసిన తేడాలో కొంత ఎరువుది, కొంత పరిమాణానిది. ఒకే వయసు మొక్కల్ని పోలిస్తే ఈ రెండూ కలిసిపోతాయి. ఒకే బరువుకు చేరిన మొక్కల్ని పోలిస్తేనే విడిపోతాయి. వ్యవసాయ ప్రయోగాలను చదివేటప్పుడు ఈ ఒక్క జాగ్రత్త తీసుకుంటే చాలా అపోహలు తొలగుతాయి.

పరిమాణాన్ని అలా పక్కకు తీశాక మిగిలే తేడాలో చోటు పాత్ర కనిపిస్తుంది. దాన్ని గురించిన మూల భావనను డచ్ శాస్త్రవేత్త బ్రౌవర్ 1962 ప్రాంతంలో చెప్పారు. మొక్కకు ఏది కరువైతే దాన్ని తెచ్చే అంగానికి పెట్టుబడి పెరుగుతుంది: వెలుతురు కరువైతే ఆకుకు, నీరో నత్రజనో కరువైతే వేరుకు. ఇది మొక్క ఆలోచించి చేసే పని కాదు, చక్కెర పారే దారిలో దానంతటదే జరిగే పని. నేలలో నత్రజని తక్కువైతే ఆకు కొత్త కణాలను కట్టుకోలేదు, ఎందుకంటే మాంసకృత్తులకు నత్రజని కావాలి. అప్పుడు పైన వాడకం లేక మిగిలిన చక్కెర కిందికి పారి వేరుకు దక్కుతుంది. నీడలో చక్కెర తయారీయే తక్కువ గనుక, పుట్టిన చోటికి దగ్గరగా ఉన్న చిగుళ్ళు ముందుగా తీసుకుంటాయి, దూరాన ఉన్న వేరుకు అందేది కొంచెమే. దీనికి తోడు వేరు కొసల్లో తయారై పైకి పోయే సైటోకైనిన్లు అనే హార్మోన్లు నేలలో నత్రజని ఎంత ఉందో చిగుళ్ళకు తెలిపే కబుర్ల లాంటివి.

సూత్రం ఇంత సులభంగా ఉన్నా, ప్రయోగాల ఫలితాలు అన్ని కరువులూ సమానం కాదని చెబుతున్నాయి. హెండ్రిక్ పూర్టర్, ఆయన బృందం 2012లో ఎన్నో ప్రయోగాల దత్తాంశాలను ఒక్కచోట చేర్చి పరిశీలించినప్పుడు, వేరు వాటాను గట్టిగా పెంచేది పోషకాల కొరతే అని తేలింది. నీటి కొరత ప్రభావం అంతకంటే తక్కువ; అది తీవ్రమైనప్పుడే స్పష్టంగా కనిపించింది. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే వాటాలు పెద్దగా మారలేదు. నీడలో ఆకుల వాటా పెరిగింది గానీ, దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఆకు పల్చబడింది. అంటే నీడలోని మొక్క ఆకులకు ఇంకాస్త ద్రవ్యం ఇవ్వడం కంటే, ఉన్న ద్రవ్యాన్నే పల్చగా పరిచి ఎక్కువ వెలుతురు పట్టుకుంటుంది. మామిడి తోపులో లోపలి కొమ్మ ఆకునూ చివరి కొమ్మ ఆకునూ వేళ్ళ మధ్య పట్టుకుని చూస్తే ఈ తేడా చేతికే తెలుస్తుంది.

నీటి విషయంలో మన రైతుల అనుభవానికీ ఈ ఫలితానికీ వైరుధ్యం ఉన్నట్టు అనిపిస్తుంది. నీళ్ళు తక్కువ పెడితే వేరు కిందికి దిగుతుందని మన తోటల్లో అందరూ అంటారు. అది నిజం కూడా. కానీ వేరు లోతు వేరు, వేరు బరువు వేరు. ఎండిన నేలలో మొక్క పై పొరలో వేర్లు తగ్గించుకుని, అదే ద్రవ్యాన్ని ఒక సన్నని పొడవాటి వేరుగా కిందికి పంపవచ్చు. తూకంలో వాటా మారదు, నీళ్ళు మాత్రం అందుతాయి. సముద్రతీరపు ఇసుకలోనూ ఇదే గమనించాలి. ఇసుకలో నీరు నిలవదన్నది ఎంత నిజమో పోషకాలు నిలవవన్నది అంత నిజం. అక్కడి చెట్ల వేరు వాటా పెరిగిందంటే రెండో కారణాన్నే ముందు అనుమానించాలి.

ఇక్కడ సరుగుడు ఒక ఆసక్తికరమైన మినహాయింపు. దాని వేర్ల బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి చేరి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. నత్రజని వెతకడానికి వేర్లు పరచవలసిన అవసరం ఆ మేరకు తగ్గుతుంది, బదులుగా ఆ సూక్ష్మజీవికి చక్కెర చెల్లించాలి. ఇసుక నేలలో సరుగుడు అంత వేగంగా మాను పెట్టడానికి ఇదొక కారణం. ఇంకో చిక్కు కూడా దానితో ఉంది. మనం సరుగుడు ఆకు అని ఊడ్చి పొయ్యిలోకి తెచ్చుకునేది నిజానికి ఆకు కాదు, పచ్చని సన్నని కొమ్మ. అసలు ఆకులు ఆ కొమ్మ కణుపుల దగ్గర కంటికి ఆననంత చిన్న పొలుసులుగా ఉంటాయి. తూకం వేసేవాళ్ళు ఆ పచ్చ కొమ్మల్ని ఆకుల్లో చేర్చారా, కొమ్మల్లో చేర్చారా అన్నదాన్ని బట్టి ఆకు వాటా పూర్తిగా మారిపోతుంది. రాలిన ఆ కసవును ఏటా ఊడ్చుకుపోతే దానితో పాటు పోషకాలూ పోతాయి. తీర గ్రామాల పేదలకు అదే వంట చెరకు గనుక ఊడ్వవద్దని చెప్పడం తేలిక కాదు, కానీ తోట లెక్క వేసేటప్పుడు ఆ పోయినదాన్ని కలపకపోతే నేల ఎందుకు పేలవమవుతోందో అర్థం కాదు.

ఉష్ణోగ్రత గురించి కొద్దిగా చెప్పి ముందుకు పోతాను. 61 దేశాల్లోని 6,200కు పైగా అడవి స్థలాల కొలతలతో పీటర్ రైక్ బృందం 2014లో చేసిన పరిశీలన ప్రకారం, చలి ప్రాంతాల అడవుల్లో వేరు వాటా ఎక్కువ, ఆకు వాటా తక్కువ. ప్రపంచం మొత్తం మీద చూసినప్పుడు కనిపించే ఈ ధోరణిని మహేంద్రగిరి ఎక్కుతూ వెతకబోతే చిక్కులో పడతాం. 1,501 మీటర్ల ఆ శిఖరం దగ్గర మైదానం కంటే చలి ఎక్కువే. కానీ ఎక్కేకొద్దీ గాలి పెరుగుతుంది, మట్టి పొర పల్చనవుతుంది, మంచు తేమ మారుతుంది, చెట్ల జాతులూ మారతాయి. పైన పొట్టి చెట్టు కనిపిస్తే అది చలి వల్లనో గాలి వల్లనో రాతినేల వల్లనో ఒక్క కొండను చూసి చెప్పడం సాధ్యం కాదు.

జాతి సంగతికి వస్తే, నాకు అన్నిటికంటే గొప్పగా తోచే ఉదాహరణ సాల వృక్షం, మన వైపు గుగ్గిలం అనే చెట్టు. తూర్పు కనుమల్లో సాల అడవుల దక్షిణపు అంచు ఈ ఉత్తరాంధ్ర కొండల్లోనే ఉంది. దాని విత్తనం తొలకరి వేళకు రాలుతుంది. మొలకెత్తే శక్తి కొద్ది రోజులే ఉంటుంది గనుక వాన సమయానికి పడితేనే మొలుస్తుంది. ఆ మొలక వానాకాలమంతా పెరిగి, ఎండాకాలం వచ్చేసరికి పై భాగం ఎండిపోతుంది, లేదా అడవి మంటలో కాలిపోతుంది. చూసేవాళ్ళు చచ్చిపోయిందనుకుంటారు. కింద వేరు మాత్రం బతికే ఉంటుంది. మళ్ళీ వానకు చిగురిస్తుంది, మళ్ళీ వేసవికి ఎండుతుంది. ఇలా ఏళ్ళ తరబడి, కొన్ని చోట్ల పదేళ్ళకు పైగా, పైన జానెడు చిగురు, కింద మాత్రం ఏటేటా లావెక్కే ముల్లంగి దుంప లాంటి వేరు. ఆ వేరులో నిల్వ చాలినంత చేరిన ఏడాది వచ్చే చిగురు ఇక ఎండదు. ఒక్క ఊపున మంటకు అందనంత ఎత్తుకు ఎదిగి మానుగా స్థిరపడుతుంది.

ఆ దశలో ఉన్న సాల మొక్కను తవ్వి తూచినవాడికి వేరు వాటా మిగతా రెండింటినీ మించి కనిపిస్తుంది. అది నేలలో నీరు లేకనా? పక్కనే మొలిచిన మరో జాతి మొక్క అదే నేలలో, అదే వేసవిలో అలా చేయడం లేదే. ఈ పంపకం ఆ జాతి తరతరాలుగా మంటలూ ఎండలూ తట్టుకుని నేర్చిన పద్ధతి. తునికి కూడా అలాంటిదే. నరికినా కాల్చినా వేరు నుంచి పిలకలు వేస్తుంది. కాబట్టి చోటు ప్రభావం రెండు దారుల్లో పనిచేస్తుందని గ్రహించాలి. ఒకటి, ఒక మొక్క తన జీవితకాలంలో మార్చుకునేది. అది చిన్న సర్దుబాటు. రెండు, ఆ చోట ఏ జాతులు నిలదొక్కుకుంటాయో ఏవి తప్పుకుంటాయో తేల్చేది. ఇది పెద్దది, నెమ్మదిగా జరిగేది. పొడి అడవుల్లో వేరు వాటా ఎక్కువగా ఉండటానికి ఒక్కొక్క చెట్టూ మారడం కంటే, అలాంటి జాతులే అక్కడ మిగలడం బలమైన కారణమని నేను అనుకుంటాను.

సాల వేర్లలో ఇంకో భాగస్వామి కూడా ఉంది. సన్నని వేరు కొసలను ఒక రకం శిలీంధ్రం తొడుగులా కప్పి, భాస్వరం, నత్రజని తెచ్చి ఇచ్చి చక్కెర తీసుకుంటుంది. తొలి వానలకు సాల అడవిలో మొలిచే పుట్టగొడుగుల్లో కొన్ని ఆ శిలీంధ్రాలవే. చెట్టు సంపాదనలో వాటికి పోయే భాగం ఆకు, మాను, వేరు అన్న మూడు తూకాల్లో ఎక్కడా కనిపించదు.

చెట్టు గుణాల్లో అడవి లెక్కను అన్నిటికంటే ఎక్కువగా మార్చేది చెక్క సాంద్రత, అంటే ఒక ఘన సెంటీమీటరు చెక్కలో ఎన్ని గ్రాముల ఆరిన బరువు ఉందన్నది. ఉష్ణమండల చెట్లకు ఇప్పుడు ఎక్కువగా వాడే సూత్రాన్ని జెరోమ్ షావ్ బృందం 2014లో ఇచ్చింది. ఛాతీ ఎత్తున సెంటీమీటర్లలో కొలిచిన మాను అడ్డుకొలత వర్గాన్ని మీటర్లలో ఎత్తుతో, చెక్క సాంద్రతతో గుణించి, దాన్ని 0.976 ఘాతానికి ఎత్తి, 0.0673తో గుణిస్తే నేలపైనున్న బరువు కిలోల్లో వస్తుంది. 20 సెంటీమీటర్ల అడ్డుకొలత, 12 మీటర్ల ఎత్తు ఉన్న రెండు చెట్లను తీసుకోండి. ఒకటి 0.75 సాంద్రత దరిదాపుల్లో ఉండే నల్లమద్ది, రెండోది 0.35 దరిదాపుల్లో ఉండే బూరుగ. మొదటిది సుమారు 199 కిలోలు, రెండోది సుమారు 95 కిలోలు. కంటికి సమానంగా కనిపించే రెండు చెట్లలో ఒకటి రెండోదానిలో సగం కూడా తూగదు. బూరుగ తక్కువ ద్రవ్యంతో త్వరగా లావై, ఎత్తై వెలుతురులోకి పోతుంది. మద్ది నెమ్మదిగా పెరిగి, ఎండకూ గాలికీ చెదలకూ నిలుస్తుంది. జీడిమామిడికి ఈ సూత్రం వేయబోతే ఇంకో ఇబ్బంది: మన దేశంలో ఛాతీ ఎత్తు అంటే 1.37 మీటర్లు, జీడి చెట్టు చాలా సార్లు ఆ లోపే కొమ్మలుగా చీలిపోతుంది. కొబ్బరి, తాటి చెట్లకైతే ఇది అసలే పనికిరాదు. వాటికి ఏటా కొత్త చెక్క పొర చేర్చే కణజాలం లేదు. మాను మొదటే ఒక లావుకు వచ్చి, తరవాత ఎత్తే పెరుగుతుంది. లావు చూసి బరువు చెప్పే దారి అక్కడ మూసుకుపోతుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు ఉంది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ విధ్వంసాన్ని వాటాల దృష్టితో చూస్తే, చెట్టు పడటం రెండు రకాలని తెలుస్తుంది. మాను విరగడం ఒకటి, వేరుతో సహా లేవడం ఒకటి. మొదటిది చెక్క సాంద్రతకూ మాను మందానికీ సంబంధించినది. రెండోది వేరు పట్టుకూ, వానకు నానిన నేలకూ, పైన గాలిని పట్టే తెరచాప లాంటి ఆకుల గుబురుకూ మధ్య జరిగే పోటీ. జీడి చెట్టుకు గుబురు విశాలం. ఆ గుబురు మీద పడిన తోపుడంతా కింద వేర్ల మీదికే వస్తుంది. గాలికి చెట్టు కూడా ఊరికే ఉండదు. ఊగే మాను పొట్టిగా, మొదలు దగ్గర లావుగా తయారవుతుంది. కాండాన్ని రోజూ తాకుతూ ఉన్నా ఇదే జరుగుతుందని అమెరికా శాస్త్రవేత్త మార్క్ జాఫే 1973లో ప్రయోగాలతో చూపించారు. ఊగడం ఆపేస్తే ఆ ద్రవ్యం ఎత్తుకు పోతుంది. లేత మొక్కకు కర్ర పాతి పైనుంచి కింది దాకా బిగించి కట్టడం మంచిదని మనం అనుకుంటాం. కాస్త ఊగే వీలుంచి, దిగువన వదులుగా కట్టి, నిలదొక్కుకోగానే తీసేస్తే మాను మొదలు, వేరు బలపడతాయి.

నర్సరీలో మొక్కను ఎత్తు చూసి ఎంచుకునే అలవాటు గురించి నాకు గట్టి అభ్యంతరం ఉంది. నీడ పందిరి కింద, దగ్గర దగ్గరగా సర్దిన సంచుల్లో, నత్రజని ఎరువు బాగా పడి పెరిగిన మొక్కకు పైన చెప్పిన బ్రౌవర్ సూత్రం ప్రకారమే వేరు వాటా తగ్గుతుంది, కాండం సాగుతుంది. సంచి అడుగున తల్లివేరు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. అటువంటి నిలువెత్తు మొక్కను తీరపు ఇసుకలో నాటితే, మొదటి వేసవిలో పైనున్న ఆకులకు సరిపడా నీరు కింది వేరు తేలేదు. దానికి సగం ఎత్తుండి, మొదలు లావుగా, వేర్లు దట్టంగా ఉన్న మొక్క ఆ ఎండను తట్టుకుని నిలుస్తుంది. కొనేవాళ్ళు ఎత్తు అడిగినంత కాలం పెంచేవాళ్ళు ఎత్తే పెంచుతారు.

కొండల మీదికి మళ్ళీ వస్తే, అక్కడ అన్నిటికంటే కష్టమైన లెక్క నేల కింద ఉంది. ఒక పెద్ద చెట్టు వేర్లను పూర్తిగా తవ్వి తీయడం మనుషులకు రోజుల తరబడి పని, పైగా చెట్టు చచ్చిపోతుంది. అందుకే దాదాపు ప్రతిచోటా నేలపైనున్న బరువును కొలిచి, దాన్ని ఒక నిష్పత్తితో గుణించి వేరు బరువు రాబడతారు. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన ఐపీసీసీ 2006లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉష్ణమండల పొడి అడవికి రెండు నిష్పత్తులున్నాయి. హెక్టారుకు పైన 20 టన్నుల కంటే ఎక్కువ ఉంటే 0.28, అంతకంటే తక్కువైతే 0.56. పైన 100 టన్నులున్న అడవికి కింద 28 టన్నులు. పైన 15 టన్నులే ఉన్న పొదల అడవికి కింద 8.4 టన్నులు. పలచని అడవిలో వేరు నిష్పత్తి రెట్టింపని ఆ అంకెలే ఒప్పుకుంటున్నాయి. అందులో పరిమాణం, జాతులు, నరుకుడు, మంటలు అన్నీ కలిసిపోయి ఉన్నాయి.

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు కొండలకు ఇది నేరుగా వర్తిస్తుంది. ఒకప్పుడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉండి, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన ఈ ప్రాంతంలో సవరలు, జాతాపులు తరాలుగా పోడు చేస్తున్నారు. ఇప్ప, చింత, పనస లాంటి పనికొచ్చే చెట్లను ఉంచి, మిగతావి నరికి, కాల్చి, కొన్నేళ్ళు పండించి, నేలను మళ్ళీ వదిలేస్తారు. వదిలేసిన చోట మద్ది, తునికి మోళ్ళ నుంచి పిలకలు లేస్తాయి. ఆ పిలక వయసు మూడేళ్ళు. దాన్ని మోస్తున్న వేరు వయసు ముప్పై ఏళ్ళు కావచ్చు. పిలక లావు కొలిచి, 0.28తోనో 0.56తోనో గుణిస్తే, మూడేళ్ళ చెట్టుకు తగిన వేరు వస్తుంది తప్ప అక్కడ నిజంగా ఉన్న వేరు రాదు. మైదానంలో నీలగిరి వేసే రైతులకు ఈ సంగతి వేరే రూపంలో తెలుసు: మొదటి నరుకుడు తరవాత వచ్చే పిలక తొలి ఏడాదిలో నాటిన మొక్క కంటే ఎంతో వేగంగా లేస్తుంది, ఎందుకంటే వేరు పెట్టే ఖర్చు ముందే అయిపోయింది.

ఉపగ్రహ చిత్రంలో ఈ పోడు కొండలు పలచని పొదలుగా కనిపిస్తాయి. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ తన నివేదికల్లో నేలపై ద్రవ్యం, నేల కింది ద్రవ్యం, ఎండు కట్టె, రాలిన ఆకు, మట్టిలోని కర్బనం అని ఐదు ఖాతాలు వేస్తుంది. అందులో రెండో ఖాతా ఇలాంటి చోట్ల మొదటి ఖాతాను గుణించి రాసినంత కాలం మోళ్ళ కింది వేరు అందులోకి పూర్తిగా ఎక్కదు. ఆ కొండలను పనికిరాని పొదలని తేల్చి, యంత్రాలతో మోళ్ళు పెకలించి కొత్తగా ఒకే జాతి మొక్కలు నాటితే, కాగితం మీద పైకి లేచే కర్బనం కనిపిస్తుంది గానీ కింద కుళ్ళి గాలిలో కలిసే ముప్పై ఏళ్ళ వేరు కనిపించదు. కనీసం కొన్ని చోట్ల, మద్ది, తునికి, గుగ్గిలం జాతులకు విడివిడిగా, మోడు లావును బట్టి వేరు బరువు చెప్పే కొలతలు తీసుకోవాలి. ఏ మోడు ఎన్నిసార్లు నరికినదో, ఏ పోడు ఎన్నేళ్ళు బీడుగా వదిలినదో చెప్పగలిగినవారు ఆ కొండల మీదే ఉన్నారు. తవ్వే పని వాళ్ళను అడిగి మొదలుపెట్టాలి.